డిక్కీలో డోలు

మౌలాలిలో మేముండే వీధి చివర ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో బాత్‌రూములకు పెట్టే ఫైబర్ తలుపులు తయారు చేస్తారు. ఎండ బాగా కాసిన మధ్యాహ్నాల్లో ఆ షెడ్డు నుంచి రెసిన్ అనే జిగురు వాసన వీధంతా పరుచుకుంటుంది. ముందు తియ్యగా తగిలి, వెంటనే గొంతులో సన్నటి ముల్లులా గుచ్చుకునే వాసన అది. పక్కింటివాళ్ళు విసుక్కుంటూ కిటికీలు మూసుకుంటారు. మొన్న ఆదివారం మేడమీద బట్టలు ఆరేస్తుంటే ఆ వాసన వచ్చింది. తడి చీర చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాను. భ్రమరాంబ మేడం పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆవిడ గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. ఆవిడ రాసిన పేపర్ల గురించి రాసేవాళ్ళు వేరే ఉన్నారు. నాకు తెలిసిన మేడం, ఒక వేసవి సెలవుల్లో తన కారు డిక్కీలో తలదూర్చి, మోచేతుల దాకా రెసిన్ పూసుకుని, పాటలు మోగే పెట్టె ఒకటి తయారుచేసిన మనిషి.

ఆవిడ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్, నా పిహెచ్.డి.కి గైడు. ఊరు తెనాలి వైపు. పొట్టిగా ఉండేవారు. గంజిపెట్టిన నూలు చీర, మందపాటి కళ్ళద్దాలు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు ఎవరికీ ఇచ్చేవారు కాదు. క్యాంపస్‌లోనే వేపచెట్ల మధ్య ఉన్న ఒక పాత క్వార్టర్లో తల్లితో కలిసి ఉండేవారు. తొంభైకి దగ్గరపడిన ఆ తల్లిని మేమంతా మామ్మగారు అనేవాళ్ళం. నేను జనగామ దగ్గర ఒక పల్లెనుంచి వచ్చాను. మా నాన్న పత్తి, వరి పండించేవాడు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివినదాన్ని నేనే. మొదటిసారి మేడం గదిలోకి వెళ్ళినప్పుడు నా మాట నాకే మొరటుగా వినిపించి, గొంతు లోపలికి పోయింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మీ ఊళ్ళో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడు. అర్థం కాకపోతే నేనే అడుగుతాను" అన్నారు. ఆ తర్వాత ఆవిడ దగ్గర నేను మాట వెతుక్కోలేదు.

రెసిన్ వేడికి ఎలా గట్టిపడుతుందన్నదే నా పరిశోధన. ప్రయోగాలన్నీ అయిపోయాయి. రాయడమే మిగిలింది. కానీ రాయలేకపోయాను. ఎక్కువ వేడిలో ఆరిన ముక్కలు మరింత గట్టిగా ఉండాలి. నావి మాత్రం కొన్ని కాస్త మెత్తగా వచ్చేవి. ఎందుకో అంతుపట్టేది కాదు. మళ్ళీ చేసేదాన్ని, మళ్ళీ అలాగే వచ్చేది. ఇంకొక్కసారి చేస్తే తేలిపోతుందని అనుకుంటూ నెలలు గడిపాను. నా రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. మేడం రిటైర్మెంటూ దగ్గరపడింది. ఆవిడ వెళ్ళిపోతే కొత్త గైడును వెతుక్కోవాలి, మళ్ళీ మొదటినుంచి నచ్చజెప్పుకోవాలి. మా నాన్న ఫోను చేసి, "సదివింది సాలు బిడ్డా, వచ్చి బి.ఎడ్. చెయ్. జనగామల స్కూళ్ళు మస్తుగున్నయ్" అనేవాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అందుకే ఆ మాట మరీ బరువుగా ఉండేది. మేడం మాత్రం ఎప్పుడు రాస్తావని ఒక్కసారీ గద్దించలేదు. "ఏమిటే, ఇవాళ కూడా మెత్తగానే వచ్చిందా?" అని అడిగి నవ్వేవారు.

మామ్మగారికి చెవులు దాదాపుగా పోయాయి. మిషను పెట్టిస్తే తీసి తలగడ కింద పడేసేవారు. అందులో అంతా కీచుమనే గోలేనట. ఆవిడకు ఏదైనా చెప్పాలంటే మూడుసార్లు చెప్పాలి. మూడోసారికి చెప్పేవాళ్ళ ముఖంలో విసుగు ఆవిడకు కనబడేది. మెల్లగా ఎవరినీ ఏమీ అడగడం మానేశారు. ఆ తర్వాత మాట్లాడటమే మానేశారు. నేను ఆ ఇంటికి రాకపోకలు మొదలుపెట్టేనాటికి ఆవిడ రోజంతా వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని, వేపచెట్టుకేసి చూస్తూ ఉండేవారు. అన్నం కూడా పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. "మా అమ్మ పక్క గదిలో ఉన్నట్టుండదే, పక్క ఊళ్ళో ఉన్నట్టుంటుంది" అన్నారు మేడం ఒకసారి. ఆవిడ నా ఎదుట దిగులుపడటం అంతకుముందు చూడలేదు.

ఒకరోజు విద్యానగర్‌లో డాక్టరుకు చూపించుకుని ముగ్గురం కారులో వస్తున్నాం. మామ్మగారు ముందు సీట్లో, నేను వెనక. తార్నాక చౌరస్తా దగ్గర ఒక పెళ్ళి ఊరేగింపు అడ్డం వచ్చింది. గుర్రం మీద పెళ్ళికొడుకు, వెనక బ్యాండు, పెద్ద డోళ్ళు. మేడం అద్దాలు పైకెత్తారు. అయినా డోలు దెబ్బకు కారు తలుపులు అదురుతున్నాయి. అప్పుడు చూశాను, మామ్మగారి కుడిచెయ్యి ఒళ్ళోనుంచి లేచి ముందున్న ప్లాస్టిక్ డాష్‌బోర్డు మీద వాలింది. నాలుగు వేళ్ళూ డోలుతో పాటు కదిలాయి. తప్పడం లేదు, ఆగడం లేదు. ఊరేగింపు దాటిపోయింది, సిగ్నల్ పచ్చగా మారింది, వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. మేడం కారు కదిలించలేదు. తల్లి వేళ్ళు ఆగేదాకా చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక టీ పెడుతూ చెప్పారు. "వయసు మీదపడితే ముందు సన్నటి శబ్దాలు పోతాయే. డోలు మోతలాంటి బొద్దు శబ్దాలు చాలాకాలం ఉంటాయి. ఇది నాకు తెలిసిన విషయమే, తట్టలేదు. ఆవిడ పుట్టిల్లు మేళగాళ్ళ వీధిలో ఉండేది. సన్నాయి, డోలు వింటూ పెరిగింది. ఇన్నాళ్ళూ నేను ఫోనులో సన్నాయి పెట్టి వినమ్మా, వినమ్మా అంటున్నాను. దాంట్లో డోలు ఎక్కడుంది? రేకు డబ్బా మోగినట్టు ఉంటుంది." ఇంట్లో పెద్ద స్పీకర్లు పెట్టుకుందామంటే అటూ ఇటూ క్వార్టర్లు, పరీక్షలకు చదివే పిల్లలు. ఆవిడ కాసేపు ఆలోచించి, "కారొక్కటే మనది. దాంట్లో పెడదాం" అన్నారు, కూరగాయలు తెద్దాం అన్నంత మామూలుగా.

తార్నాకలో ఫ్లైఓవర్ పక్క సందులో యాదగిరి అనే ఆయన కార్లకు మ్యూజిక్ సిస్టంలు బిగించేవాడు. మేమిద్దరం వెళ్ళేసరికి షాపు ముందు కాలేజీ కుర్రాళ్ళు ఉన్నారు. మేడం వెళ్ళి, తనకు కారులో సబ్‌వూఫర్ కావాలన్నారు. బొద్దు శబ్దాలను మాత్రమే పలికించే పెద్ద స్పీకరు అది. యాదగిరి ఆవిడను, ఆవిడ చీరను ఒకసారి చూశాడు.

"ఎవలి కోసం మేడం? కొడుకుకా?"

"మా అమ్మ కోసం."

"అమ్మకా? ఎన్నేండ్లుంటయ్ అమ్మకు?"

"తొంభైకి దగ్గర."

అతను నవ్వలేదు. స్టూలు ఒకటి లాగి ఆవిడను కూర్చోమన్నాడు. విషయమంతా విన్నాడు. తర్వాత వచ్చి డిక్కీ తెరిచి చూశాడు. అందులో మామ్మగారి చక్రాల కుర్చీ మడిచిపెట్టి ఉంది.

"గీడ కుర్చీ పెడ్తరా, ఊఫర్ బాక్స్ పెడ్తరా? రెండు పట్టవు మేడం."

"కుర్చీ తీయడానికి లేదు. అది లేకపోతే ఆవిణ్ణి ఎక్కడికీ తీసుకెళ్ళలేను."

అతను డిక్కీ ఎడమ పక్కనున్న గుడ్డ తొడుగు కొంచెం లాగి చూపించాడు. చక్రం పైన, దీపం వెనక, రేకు వంపుల మధ్య ఒక బోలు ఉంది. "గీ సందుకు సరిపోయేటట్టు ఫైబర్‌తోని బాక్స్ చెయ్యొచ్చు. కట్టెతోని కాదు. మొదట్ల నేనే చేసేటోణ్ణి. గా వాసన, గా దురద పడక బంద్ చేసిన. గిప్పుడు రెడీమేడ్ పెట్టి పంపుడే."

"రెసిన్ సంగతి నేను చూసుకుంటాను. స్పీకరు సంగతి, బాక్సు ఎంత ఉండాలన్న సంగతి మీరు చెప్పండి" అన్నారు మేడం. యాదగిరి నన్ను చూశాడు, ఈమెకు నిజంగా తెలుసా అన్నట్టు. రెసిన్ మీదే ఆమె బతుకంతా గడిచిందని నేను చెప్పాను. "అయితే సరే. కాని దడదడ కొట్టేది వద్దు మేడం, పెద్దమనిషి గుండె. మెత్తగ మోగేది ఇస్త" అన్నాడు.

అలా ఆ మే నెలలో, సెలవులకు లాబ్ మూసేశాక, క్వార్టర్ ముందున్న రేకు పందిరి కింద పని మొదలైంది. డిక్కీ గుడ్డ ఊడదీసి, రేకంతా కాగితపు టేపు అంటించాం. దానిమీద చపాతీలు చుట్టే వెండి కాగితం, దానిమీద మైనం. రెసిన్ కారుకే అతుక్కుపోకుండా ఇదంతా. తర్వాత గాజుపీచుతో చేసిన తెల్లటి మ్యాట్‌ను అరచేతి ముక్కలుగా చించి, ఆ బోలులో పరుస్తూ, బ్రష్‌తో రెసిన్ అద్దుతూ పోవాలి. అది ఆరి గట్టిపడితే, కారు వంపు ఎలా ఉందో అలాగే ఒక డొప్ప వస్తుంది. చెబితే ఇంతే.

మొదటిరోజు మేడం లాబ్‌లో కలిపినట్టే కొలిచి, ఒక ప్లాస్టిక్ మగ్గునిండా రెసిన్ కలిపారు. గట్టిపడటానికి వేసే మందు కూడా పుస్తకం ప్రకారమే వేశారు. మేం రెండు ముక్కలు అద్దామో లేదో, మగ్గులోనుంచి సన్నటి పొగ లేచింది. మేడం నా భుజం పట్టి వెనక్కి లాగారు. మా కళ్ళముందే మగ్గు ఒక పక్కకు కుంగి, వంగి, కరిగిన కొవ్వొత్తిలా కూలబడింది.

"ఎండ వేడికి ఎంత తొందరగా ముదురుతుందో నేనే రాశానే. గ్రాఫులు గీసి మరీ రాశాను" అన్నారు మేడం.

"మరి గిట్లెందుకయింది మేడం?"

"గ్రాఫులో పొగ రాదు కదా" అన్నారు, మగ్గును కర్రతో తిరగేసి చూస్తూ. ఆవిడ ముఖంలో సిగ్గు లేదు. చిన్నపిల్ల కొత్త పురుగును చూసినట్టు చూస్తున్నారు. అదే పొరపాటు నేను చేసి ఉంటే వారంరోజులు హాస్టల్ గదిలోంచి బయటకు వచ్చేదాన్ని కాదు. మర్నాటి నుంచి ఎండ ఎక్కకముందే, కొంచెం కొంచెంగా కలిపి పని చేశాం.

ఆ పనిలో దురద గురించి యాదగిరి చెప్పింది నిజమే. ఆరిన డొప్ప అంచులు కోసి, గరుకు కాగితంతో రుద్దుతుంటే కంటికి కనిపించని గాజు నూగు చేతులనిండా దిగేది. గోకితే మరీ లోపలికి పోయేది. నేను చేతులు ఎలా పెట్టుకోవాలో తెలియక వరండా మెట్టు మీద కూర్చుంటే, వెనకనుంచి ఏదో నా భుజానికి తగిలింది. మామ్మగారు తన పౌడరు డబ్బా నాకేసి చాపారు. ఒక్క మాటా లేదు. డబ్బా నేను తీసుకునేదాకా చెయ్యి అలాగే చాపి ఉంచారు. ఆ రోజునుంచి మేడం ఆవిడ కుర్చీని పందిరి దగ్గరకు, వాసన తగలని వైపుకు జరిపేవారు. ఆవిడ వేపచెట్టును వదిలి మమ్మల్ని చూడటం మొదలుపెట్టారు.

డొప్ప అయ్యాక, స్పీకరు కూర్చునే చెక్క రింగును పుల్లలతో దానిమీద నిలబెట్టి, పైన ఒక బనీను గుడ్డ బిగించి లాగి, గుడ్డకు రెసిన్ పట్టించాం. గుడ్డ ఎండిన చర్మంలా బిగుసుకుంది. దానిమీద మళ్ళీ మ్యాట్. లోపల చోటు యాదగిరి చెప్పినంత ఉందో లేదో చూడాలంటే నీళ్ళు పోయడానికి లేదు, బియ్యం బరువు. మేడం మరమరాలు తెప్పించారు. రింగులోంచి పోసి, నిండాక తిరిగి పళ్ళెంలోకి వంచి కొలవాలి. నేను గిన్నెతో కొలుస్తుంటే మామ్మగారు సోల అడిగి తీసుకున్నారు, అదీ చేతి సైగతోనే. ప్రతి సోలా నింపి, పైన అరచేత్తో ఒకసారి తీసేసి, పక్కన పోసేవారు. ఆవిడ కొలిచిన తీరు చూస్తే నా గిన్నె కొలత దండగనిపించింది. చోటు సరిపోయింది. ఆ సాయంత్రం మేం ముగ్గురం ఆ మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలుపుకుని తిన్నాం అని రాస్తే బాగుండేది. కానీ వాటినిండా గాజు నూగే. పారబోయాల్సి వచ్చింది. పిచ్చుకలు తింటాయేమోనని గొయ్యి తీసి పూడ్చారు మేడం.

చివరి పొర ఆరాక, పైభాగాన మ్యాట్ కింద తెల్లగా ఒక బుడగ కనబడింది. గాలి లోపలే ఉండిపోయింది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ పొర మొత్తం చెక్కేసి మళ్ళీ వేద్దామన్నాను.

"చిన్న బుడగే అది. మోగితే తెలుస్తుంది" అన్నారు మేడం.

"మోగినంక తెలిస్తే ఏం లాభం మేడం? మళ్ళ కోయాలె."

"కోద్దాం."

అంత తేలిగ్గా అనేసరికి నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో నోరుజారి, "మీరు రిటైరై పోతరు. నాకు మళ్ళ కోసుకునే టైం లేదు" అన్నాను. నేను బాక్సు గురించి అనలేదని ఇద్దరికీ తెలుసు. మేడం చేతులు గుడ్డకు తుడుచుకుని నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"ఆ ముక్కలు మెత్తగా ఎందుకు వచ్చాయో నాకూ తెలీదే. నువ్వు పొరపాటు చేయలేదు, నేను చూశాను. అన్నిసార్లూ అలాగే వచ్చింది. ఎందుకో తెలీదని రాయి."

"తెలీదని రాస్తే డిగ్రీ ఇస్తరా?"

"రాయకపోతే అసలే ఇవ్వరు."

ఆవిడ లేచి బాక్సుకు పుట్టీ పూయడం మొదలుపెట్టారు. నేను కాసేపు కూర్చుని, గరుకు కాగితం అందుకున్నాను. బుడగ అలాగే ఉండిపోయింది.

స్పీకరు బిగించడానికి కారు యాదగిరి షాపుకు తీసుకెళ్ళాం. నల్ల రంగు వేసిన మా బాక్సు డిక్కీ మూలలో, కారుతో పాటే పుట్టినట్టు కూర్చుంది. పక్కన చక్రాల కుర్చీకి చోటు మిగిలింది. యాదగిరి చెయ్యి వేసి నిమిరి, "మంచిగొచ్చింది మేడం, నేను చేసినా గింత సాఫ్ రాకపోవు" అన్నాడు. కుర్రాళ్ళు చుట్టూ మూగారు. మేడం తన ఫోనులోంచి సన్నాయి మేళం పెట్టారు. డోలు మొదలైంది. నిజంగానే మోగింది, రోడ్డు మీద నిలబడ్డ నా అరికాళ్ళకు తెలిసేలా మోగింది. కానీ ప్రతి దెబ్బ వెనకా 'జర్ర్' మని ఒక పిచ్చి చప్పుడు. చిరిగిన కాగితం ఫ్యానుకు తగిలినట్టు. కుర్రాళ్ళలో ఒకడు నవ్వాడు. నా ముఖం వేడెక్కింది. బుడగే, నేను ముందే చెప్పాను, అనుకున్నాను.

మేడం నవ్వినవాడి వైపు చూడలేదు. వంగి రెండు అరచేతులూ బాక్సు మీద పెట్టారు. "రేణుకా, నువ్వు కూడా చెయ్యి పెట్టు. చెవితో వెతక్కు, దొరకదు" అన్నారు. నేను నేరుగా బుడగ మీద పెట్టాను. అక్కడ ఏమీ లేదు, రాయిలా ఉంది. మెల్లగా జరుపుకుంటూ పోయాను. వెనకవైపు, రేకుకు ఆనుకునే చోట, చదునుగా, నున్నగా, చాలా బాగా వచ్చిందని మేమిద్దరం మురిసిపోయిన చోట, అరచేతి కింద తేనెటీగ చిక్కినట్టు అదిరింది. చదునుగా ఉండటమే దాని లోపం. అక్కడ పొర చాలక, దెబ్బ పడ్డప్పుడల్లా ఊగుతోంది.

"ఇక్కడ మేడం."

ఆవిడ తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టి చూసి, "ఆఁ, ఇక్కడే" అన్నారు. అంతే. ఎవరి అంచనా తప్పిందని గానీ, చూశావా అని గానీ అనలేదు. స్పీకరు తీయించి, ఆ గుండ్రటి కంతలోంచి, సన్నగా ఉంటుందని నా చెయ్యే లోపలికి పంపించి, రెండు చెక్కముక్కలు అడ్డంగా అతికించి, మీద మళ్ళీ మ్యాట్ వేయించారు. యాదగిరి బ్రష్ అందించాడు. నవ్విన కుర్రాడు టార్చిలైటు పట్టుకున్నాడు. నేను నెలలపాటు ఒకే చోట తవ్వుతున్నానని, ఆ చెయ్యి లోపల ఉండగానే నాకు అర్థమైంది. నా థీసిస్‌లో నేను భయపడుతున్న చోటు కాక, నేను చూడని చోట్లు ఎన్ని ఉన్నాయో. అవి కనబడాలంటే ముందు ఆ థీసిస్ నా చేతిలోంచి బయటపడాలి.

రెండురోజుల తర్వాత పొద్దున్నే మామ్మగారిని కారులో కూర్చోబెట్టాం. కుర్చీ మడిచి డిక్కీలో పెట్టి, అది బాక్సుకు తగలడం లేదని మేడం ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు. క్యాంపస్ లోపల, నడకకు వచ్చినవాళ్ళు పలచబడిన ఒక రోడ్డు పక్కన, తురాయి చెట్ల కింద కారు ఆపి అద్దాలు ఎత్తారు. నేను వెనక సీట్లో ఉన్నాను. పాట మొదలైంది. ముందు సన్నాయి ఒక్కటే. మామ్మగారు బయటకు చూస్తున్నారు, ఏమీ వినబడటం లేదని తెలుస్తూనే ఉంది. మేడం స్టీరింగు మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చున్నారు. అప్పుడు డోలు వచ్చి చేరింది.

మామ్మగారు తాను కూర్చున్న సీటు వైపు చూసుకున్నారు. తర్వాత కిటికీ వైపు, రోడ్డు మీద ఏమైనా వస్తోందా అని. చివరికి కూతురి వైపు తిరిగారు.

"ఏవిటే ఆ గోల? తగ్గించు."

నేను ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆవిడ గొంతు వినడం అదే మొదటిసారి. బొంగురుగా, ఏళ్ళుగా తెరవని తలుపులా ఉంది. మేడం చెయ్యి కదలలేదు.

"ఏమన్నావమ్మా?"

"తగ్గించమంటున్నా. ఉన్న చెవులు కూడా పోతాయి."

మేడం కొంచెం తగ్గించారు. తర్వాత నుదురు స్టీరింగుకు ఆనించి కూర్చున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను. అద్దంలో చూస్తే నవ్వుతున్నారు, కళ్ళద్దాల కింద తడి కూడా ఉంది. మామ్మగారు అదేమీ పట్టించుకోలేదు. ఆవిడ వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. పాట సగంలో ఉండగా తల అడ్డంగా ఊపి, "డోలు ఎడం పక్క దెబ్బ సరిగ్గా పడటం లేదు వీడికి" అన్నారు.

దానితో అద్భుతమేదీ జరిగిపోలేదు. మాటలు ఆవిడకు మునుపు ఎంత వినబడేవో తర్వాతా అంతే. కానీ మేళం బాగుందో లేదో చెప్పడానికి ఆవిడ నోరు తెరిచారు. చెప్పాక, ఇంకోటి అడగడానికి తెరిచారు. రోజూ పొద్దున్న షికారుకు వేళ దాటితే వరండాలోంచి "భ్రమరా" అని పిలిచేవారు. అన్నంలో ఉప్పు చాలలేదని కోప్పడేవారు. మేడం ఆ కోపాన్ని ఎంత ఇష్టంగా భరించేవారో నేను చూశాను.

నేను హాస్టల్‌కు వెళ్ళి రాయడం మొదలుపెట్టాను. మెత్తగా వచ్చిన ముక్కల గురించి, అవి ఎలా వచ్చాయో ఉన్నదున్నట్టు రాసి, కారణం తెలియలేదని రాశాను. మేడం రిటైరయ్యే లోపే థీసిస్ ఇచ్చేశాను. వైవాలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ సరిగ్గా ఆ పేజీయే తెరిచి, ఎందుకిలా అని అడిగారు. మేడం నా వైపు చూడనైనా లేదు, కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. తెలియదు సార్, ఇప్పటిదాకా చూసింది ఇంతవరకే అన్నాను. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, దీనిమీద ఎవరైనా పనిచేస్తే బాగుంటుందని పక్కాయనతో అన్నారు. అసలు ఇబ్బంది పెట్టిన ప్రశ్నలు వేరే అధ్యాయాలనుంచి వచ్చాయి, నేను కలలో కూడా భయపడని చోట్లనుంచి. వాటిని దిద్దుకోవడానికి గడువు ఇచ్చారు. దిద్దుకున్నాను. డిగ్రీ వచ్చాక మా నాన్నకు ఫోను చేస్తే, "మీ మేడంకు మన చేన్ల కందులు పంపుత" అన్నాడు. పంపాడు కూడా.

రిటైరయ్యాక మేడం, మామ్మగారు తార్నాకలోనే ఒక ఫ్లాటులోకి మారారు. రెండు చలికాలాలు గడిచాక మామ్మగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. నేను ఒక కాలేజీలో చేరి, పెళ్ళి చేసుకుని, మౌలాలిలో ఇల్లు తీసుకుని, పిల్లలతో సతమతమవుతూ, మేడం దగ్గరకు వెళ్ళడం పండక్కీ పబ్బానికీ అయిపోయింది. చివరిసారి వెళ్ళినప్పుడు తలుపు తీయడానికి ఆలస్యమైంది. బెల్లు వినబడలేదన్నారు. అప్పుడు అర్థమైంది, తల్లికి వచ్చిందే కూతురికీ వచ్చిందని. నేను సోఫాలో ఎదురుగా కూర్చుని, వినబడాలని గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపారు.

"అరవకే. అరిస్తే గొంతు సన్నబడుతుంది. సన్నబడ్డ గొంతు నాకు అందదు. పక్కకు వచ్చి కూర్చుని, గొంతు దించి, నిదానంగా మాట్లాడు."

పక్కకు జరిగి కూర్చున్నాను. గొంతు దించి మాట్లాడాను. మొదట ఎవరిదో గొంతులా అనిపించింది. పిల్లల గురించి, కాలేజీ గురించి, మా నాన్న గురించి చెప్పాను. ఆవిడ తల ఊపుతూ, మధ్యమధ్య నా మోచెయ్యి పట్టుకుంటూ విన్నారు. లేవబోతుంటే, "సగం వినబడిందే. మిగతా సగం నాకు తెలిసినదే. మళ్ళీ రా" అన్నారు. నేను మళ్ళీ వెళ్ళేలోపే ఫ్లాటులోవాళ్ళు ఫోను చేశారు.

ఇప్పుడు మా నాన్న మాతోనే ఉంటున్నాడు. ఆయనకూ చెవులు తగ్గాయి. ఇంట్లో అందరం ప్రేమగానే, కానీ గట్టిగా, ఒకటికి పదిసార్లు చెప్పేవాళ్ళం. ఒకరోజు ఆయన కంచం ముందునుంచి లేచిపోయి, "నేనేం చేసిన్నని నన్ను గిట్ల తిడ్తున్నరు?" అని అడిగాడు. ఎవరూ తిట్టలేదు. పెరుగు వేసుకోమన్నాం, అంతే. కానీ అరుపు చెవికి అందకపోయినా ముఖంలో కనబడుతుంది. ఆయన చూసింది అదే. నేను వెళ్ళి మంచం మీద ఆయన పక్కన, భుజానికి భుజం తగిలేలా కూర్చున్నాను. గొంతు దించి, ఒక్కో మాటా విడిగా, "పెరుగు ఏసుకుంటవా బాపూ?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, కాసేపు చూసి, "గిదే మాట. గిట్ల చెప్తె ఇనవడ్తలేదా నాకు" అన్నాడు. లేచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.